కార్డునకు ముహూర్తము

మా యింట ముహూర్తములు చూచు నాచారము లేదు. మా తండ్రిగారు ఇల్లు కట్ట నారంభించినప్పుడు, మూఢమని యిరుగుపొరుగువారు వారించినను వినక పునాది తీయించిరి. మా వివాహము ఆషాఢమాసములో, రిజిస్ట్రారు కార్యాలయమున జరిగినది. వర్జ్యము చూచి ప్రయాణము మానుకొన్నవారిని, తుమ్ము వినబడి గుమ్మమునుండి వెనుదిరిగినవారిని చూచి మేము నవ్విన నవ్వులకు లెక్కలేదు. ఇట్టి మేము 2020వ సంవత్సరపు సంక్రాంతి మొదలు దాదాపు మూడు సంవత్సరములు ఒక వస్తువు కొనుటకు మంచి ముహూర్తము కొఱకు కాచుకొని కూర్చుంటిమనిన చదువరులు నమ్ముదురా? ఆ వస్తువు బంగారము కాదు, భూమి కాదు. కంప్యూటరులో నమర్చెడు గ్రాఫిక్సు కార్డు. మేము చూచినది తారాబలమును చంద్రబలమును గాదు. రానున్న కార్డులనుగూర్చిన ఊహలను, వదంతులను. పేరు మాఱినదే గాని పని యదియేయని తెలిసికొనుట కింతకాలము పట్టినది. ఆ తెలివికి వెల చెల్లించినవారు మేము కాదు, వేఱొకరు. కావున ఈ సంగతి దాచక వ్రాయుట మా విధియని తోచినది.

గ్రాఫిక్సు కార్డనగా నేమో యెఱుగని పెద్దలకు ముందుగా రెండు మాటలు చెప్పవలెను. కంప్యూటరు తెర యనునది లక్షలకొలది చుక్కల ముగ్గు. ఏ చుక్క యే రంగున వెలుగవలెనో సెకనుకు పలుమాఱులు లెక్కకట్టవలెను. కంప్యూటరునందలి ప్రధానమైన ప్రాసెసరు గొప్ప పండితునివంటిది. ఎట్టి చిక్కులెక్కనైనను విప్పును గాని, లక్ష చిల్లర లెక్కలొక్కమాఱు మీదబడిన నలిగిపోవును. గ్రాఫిక్సు కార్డునందో, వేలకొలది చిన్న లెక్కగాండ్రు వరుసలు దీరి కూర్చుండి, పని పంచుకొని, ఒక్కమాఱుగా ముగింతురు. పెండ్లివారింట వంద విస్తళ్లకు ఒక్కడు వడ్డించుటకును, పంక్తికొకడు చొప్పున పదిమంది వడ్డించుటకును గల భేదమే యిది. 1999లో ఎన్విడియా కంపెనీ 'జీఫోర్స్ 256' అను కార్డును వెలువరించి, జి.పి.యు. అను పేరును లోకమున వ్యాపింపజేసినది. ఆటల కొఱకు పెరిగిన యీ పనిముట్టు నేడు సినిమాబొమ్మలకు, శాస్త్రజ్ఞుల లెక్కలకు, కృత్రిమ మేధకు గూడ నాధారమైనది. 2018లో వచ్చిన 'ఆర్.టి.ఎక్స్. 20' వరుస కార్డులలో, వెలుగు కిరణ మెక్కడ తగిలి యెక్కడికి మరలునో లెక్కించు ప్రత్యేకభాగములను చేర్చిరి. చీకటినీటిపై దీపము పడి చెదరుటను బొమ్మలో చూపవలెననిన, అట్టి భాగములు పనిని మిక్కిలి తేలిక చేయును. మా కథ యంతయు నొక నీటిమీది దీపమునకు సంబంధించినదే.

మా మేనకోడలు హైదరాబాదులో బొమ్మల సినిమా విద్య నభ్యసించుచుండెను. 2020 సంక్రాంతికి మా యింటికి వచ్చినప్పుడు, మా యమ్మచేత ఆమె చిన్ననాటి కథ యొకటి చెప్పించుకొని ఫోనులో నెక్కించుకొనినది. మా యమ్మ పుట్టినది కోనసీమలో. 1953 ఆగస్టులో గోదావరికి పెద్దవరద వచ్చునాటికి ఆమెకు ఏడేండ్లు. ఊరిలోనికి నీరు వచ్చుచున్నదని విని జనులు రాత్రికి రాత్రి ఏటిగట్టు మీదికి చేరిరట. మా తాతగారు ఒక చేత లాంతరు పట్టి, ఆవును పడవ యెక్కించి దాటించుచుండగా, మా యమ్మ దాని మెడ కౌగిలించుకొని కూర్చుండెనట. నల్లని నీరు, లాంతరు వెలుగు, బెదరిన ఆవు కన్నులు. ఈ కథను ఆరు నిమిషముల బొమ్మల సినిమాగా చేసి అమ్మమ్మకు చూపవలెనని ఆ పిల్ల సంకల్పము. మాట అమ్మమ్మది, బొమ్మ మనుమరాలిది.

ఆమె కంప్యూటరులో నున్నది 2016 నాటి చిన్న కార్డు. "మామయ్యా, బొమ్మలు వేసుకోడానికి, కదిలించడానికి ఇది చాలు. ఆఖర్న వెలుగూ నీడా కలిపి ఒక్కొక్క బొమ్మా తేల్చేటప్పుడే చాలా నెమ్మది. ఒక మంచి కార్డు కొనిపెడతారా?" అని యడిగినది. మేము వెంటనే మాట యిచ్చితిమి. ఆ వారమే సికిందరాబాదు పార్కులేనులోని అంగళ్లకు బోయి కొనియుండినచో ఈ వ్యాసముతో పని లేకపోయెడిది. కాని మేము విచారించి కొను స్వభావము గలవారము. విచారించితిమి. ఆ యేడే క్రొత్త వరుస వెలువడుననియు, దాని బలము ముందటిదానికి రెండింతలుండుననియు విన్నారము. "కొంచెం ఆగు అమ్మాయీ. ఇప్పుడు కొన్నవాళ్లు ఆర్నెల్లలో విచారిస్తారు" అంటిమి. పిల్ల తలయూచినది. పెద్దవారి మాటపై నమ్మకము!

నాటినుండి మాకొక వ్యసనము పట్టుకొనినది. ఉదయమున కాఫీ చల్లారుచుండగా రానున్న కార్డుల వార్తలు చదువుట. మధ్యాహ్నము వానిని తర్కించుట. సాయంకాలము చెల్లెలికి ఫోను చేసి ఫలితము ప్రకటించుట. ఉగాదినాడు కందాయ ఫలములు వినువారి ముఖమున నెట్టి తన్మయత్వముండునో, మా ముఖమునను అదియే యుండెనని మా యింటివారు పిమ్మట చెప్పిరి.

అయినను న్యాయము చెప్పవలెను. ఈ యూహలన్నియు నొక్క తీరువి కావు. మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని జ్ఞానమునకు నాలుగు సాధనములు చెప్పిరి గదా! పుట్టని కార్డునకు ప్రత్యక్షము పొసగదు. అనుమానము పొసగును. కార్డునందలి మెమరీ చిప్పు ఒక్కొక్కదానికి 32 బిట్ల దారి యుండుట సాధారణము. రానున్న కార్డునకు 256 బిట్ల దారి గలదని తెలిసినచో ఎనిమిది చిప్పులుండుననియు, చిప్పునకు 2 జిగాబైట్లయినచో మొత్తము 16 జిగాబైట్లగుననియు బడిపిల్లవాడైన చెప్పగలడు. పొగను చూచి నిప్పు నూహించుటవంటి యీ తర్కమును తప్పుపట్టరాదు. ఉపమానము కొంత పొసగును. 2016లో నొక వరుస, 2018లో నొకటి వచ్చినవి గావున 2020లో మఱియొకటి వచ్చుననుట యీ జాతిది. ఇది కొన్నాళ్లు నిజమగును, ఒకనాడు తప్పును; 2022 తరువాతి వరుస 2024లో రాక 2025 జనవరికి గాని రాలేదు.

మిగిలినది శబ్దము. ఆప్తవాక్యము ప్రమాణమని శాస్త్రము. కాని యిచ్చట ఆప్తుడెవ్వడు? పేరులేని యొకడు పేరులేని వేఱొకనివలన వింటినని చెప్పును. నిజమైనచో, నేను ముందే చెప్పలేదాయని యెగురును. తప్పినచో, కంపెనీవారు కడపటి క్షణమున మార్చుకొనిరనును. వాన కురియనినాడు సిద్ధాంతిగారు గడియల తేడా వచ్చినదనుట లేదా? వీరి శాస్త్రమునకు ఓటమి లేదు. ఓటమి లేని శాస్త్రము శాస్త్రము కాదని పదిమందికి బోధించిన మేము, ప్రతి ప్రాతఃకాలమును దానినే పారాయణము చేసితిమి.

2020 సెప్టెంబరు 1న ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, మహమ్మారి దినములగుటచే సభకు మాఱుగా తన వంటయింటినుండియే ప్రసంగించి క్రొత్త కార్డులను లోకమునకు చూపెను. ఆర్.టి.ఎక్స్. 3080 వెల 699 డాలర్లు. 3070 వెల 499 డాలర్లు. అంతకు ముందు 1,199 డాలర్లకమ్మిన 2080 టి.ఐ. కంటెను ఈ 3070 వేగము గలదని చెప్పిరి. మన దేశమున దాని ప్రారంభపు వెల 51,000 రూపాయలని ప్రకటించిరి. మా జోస్యము ఫలించినది! మేనకోడలికి ఫోను చేసి, "చూశావా, ఆగితే ఎంత మేలైందో!" అని గర్వముగా పలికితిమి. అప్పటికే ఆ పిల్ల, ఇల్లు కదలరాని దినములను వృథాచేయక, బొమ్మలన్నియు వేసి కదలికలు కూర్చి యుంచినది. వెలుగు కలిపి తేల్చుటయే తరువాయి.

సెప్టెంబరు 17న 3080 అమ్మకమునకు వచ్చినది. నిమిషములలో సరకు చెల్లిపోయినది. అక్టోబరులో వచ్చిన 3070 గతియు నంతే. ఇండ్లలో చిక్కుపడిన జనులందరును కంప్యూటర్లపై బడిరి. చిప్పులు చేయు కర్మాగారములు చాలవైతిమనినవి. మారుబేరగాండ్రు, మనుష్యుని వ్రేలికంటె ముందుగా మీట నొక్కగల ప్రోగ్రాములతో సరకు నూడ్చుకొనిరి. వీనికి తోడు ఈథీరియమను డిజిటలు నాణెమొకటి. కార్డులు రాత్రింబవళ్లు లెక్కలు కట్టినకొలది యజమానికి ఆ నాణెములు చేరును. 2021లో దాని వెల పెరుగగా, పిల్లల బల్లలపై నుండవలసిన కార్డులు గోదాములలో బారులు దీరి ఉక్కపోసినవి. ప్రకటించిన ధరకు రెండింతలిచ్చినను దొరకుట దుర్లభమైనది. పార్కులేనులో మేము తిరుగని మెట్టు లేదు. "వస్తే ఫోన్ చేస్తాం సార్" అనెడువారు. ఒకమాఱు నిజముగనే ఫోను వచ్చినది. వెల విని మేము ఫోను పెట్టివేసితిమి. ఈ ధర నిలువదని మా తీర్మానము.

చదువరులారా, ఆ తీర్మానమును నిజమైనది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియము తన పద్ధతి మార్చుకొనగా కార్డులతో దానిని త్రవ్వు పని నాటితో ముగిసినది. వాడిన కార్డులు గుట్టలుగా నంగడికి వచ్చినవి. ధరలు దిగినవి. ఇంక కొనవలదా? కొనవచ్చునుగాని, సరిగా అయిదు దినములకు, సెప్టెంబరు 20న, 'ఆర్.టి.ఎక్స్. 40' వరుసను ప్రకటించిరి! ఇంత కాలమాగి, ఇప్పుడు పాతది కొనుటయా? "రెండు నెలలే కదమ్మాయీ" అంటిమి. అక్టోబరు 12న వచ్చిన 4090 వెల 1,599 డాలర్లు. 4080 పేర రెండు వేర్వేరు కార్డులు ప్రకటించిరి; ఒక్క పేరున రెండేమని జనులు గేలిచేయగా వానిలో చిన్నదానిని అక్టోబరు 14న వెనుకకు తీసికొనిరి. మిగిలినదాని వెల 1,199 డాలర్లు. మేము రెండేండ్ల క్రిందట ఆశించిన 3080కి 699.

మా జోస్యములలో తప్పినవి తక్కువ. క్రొత్త వరుస వచ్చుననుకొంటిమి, వచ్చినది. ధర దిగుననుకొంటిమి, దిగినది. మఱియొక వరుస వచ్చుననుకొంటిమి, అదియు వచ్చినది. మమ్ము చెఱచినది జోస్యము తప్పుట కాదు, ఫలించుట. తప్పినవాడు ఒకటి రెండు దెబ్బలతో మేలుకొనును. ఫలించినకొలది మాకు మాపై విశ్వాసము పెరిగినది. ప్రతి ఫలితమును ఇంకొక నిరీక్షణకు హేతువైనది. రేపటి కార్డు నేటి కార్డుకంటె మేలగుట ఎల్లప్పుడు నిజమే. ఎల్లప్పుడు నిజమైన మాట యే దినమునకును ఉపదేశము కాజాలదు.

ఈ నడుమ మా యింట మఱియొకటి జరుగుచుండెను. మా యమ్మ 2020లో అద్దములు పెట్టుకొని వార్తాపత్రిక మొదటినుండి చివరివఱకు చదివెడిది. 2021 వేసవిలో ప్రక్కలనుండి చీకటి క్రమ్ముచున్నదనినది. నీటికాసులని వైద్యులు చెప్పిరి. మిగిలిన చూపును నిలుపుటకు మందులు గలవుగాని పోయిన చూపు మరలి రాదనిరి. మందులకును వ్యాధి లొంగలేదు. ఒకనాడామె మమ్ము పిలిచి, "ఏరా నాయనా, ఆ పిల్లకి ఆ సామాను ఇంకా కొనివ్వలేదుట్రా?" అని యడిగినది. ధరల సంగతి వివరించితిమి. "అలాగా" అని యూరకుండినది. ఆమె యడిగినది ధరనుగూర్చి కాదని మాకు తోచనైన తోచలేదు. 2022 దసరా నాటికి ఆమెకు తెలియుచుండినది పగలు, రాత్రి యను భేదము మాత్రమే.

ఆ దీపావళికి మా మేనకోడలు వచ్చినది. మేము 4080 ధర ప్రస్తావింపబోగా, ఎన్నడును ఎదురుచెప్పని పిల్ల, "ఇంక వద్దు మామయ్యా. ఉన్నదాంతోనే చేసేస్తాను. నేనే ముందు లెక్క వేసుకోవలసింది" అని ఒక కాగితము చూపినది. ఆరు నిమిషముల సినిమా. సెకనుకు 24 బొమ్మలు. మొత్తము 8,640 బొమ్మలు. ఆ పాత కార్డు ఒక బొమ్మ తేల్చుటకు అయిదు నిమిషములు. అనగా 43,200 నిమిషములు, 720 గంటలు, సరిగా ముప్పది దినములు. పగలు చదువునకు కంప్యూటరు కావలెను గనుక రాత్రి పది గంటల చొప్పున నడపిన 72 రాత్రులు.

ఆ కాగితమును మేము చాలసేపు చూచితిమి. మెమరీ చిప్పుల లెక్కలు, డాలర్ల లెక్కలు నోటికి వచ్చిన మాకు ఈ చిన్న గుణకారము మూడేండ్లలో నొక్కనాడును తోచలేదు. 2020 దసరాకు మొదలుపెట్టియుండినచో ఆ యేటి ధనుర్మాసములోనే ముగిసియుండును. అప్పటికి మా యమ్మ పత్రిక చదువుచునే యున్నది.

ఇది మా యొక్కరి పిచ్చియే కాదు. 1999లో ఫిన్లండు దేశపు బిట్‌బాయ్స్ అను చిన్న సంస్థ 'గ్లేజ్3డి' యను నద్భుతమైన కార్డు వచ్చుచున్నదని ప్రకటించినది. దానికై కనిపెట్టుకొన్నవారి చేతికి అదెన్నడును రాలేదు. ఆ కాలముననే 3డిఎఫ్ఎక్స్ కంపెనీ నాలుగు చిప్పులతో 'వూడూ5 6000' చేయనున్నదని జనులు వేచియుండిరి. అదియు నంగడి కెక్కకమునుపే, 2000 డిసెంబరులో, ఆ కంపెనీ తన యాస్తులను ఎన్విడియాకు అమ్ముటకు ఒడంబడినది. 2025 జనవరి 6న లాస్‌వేగాస్‌లో 549 డాలర్ల 5070 కార్డు, 1,599 డాలర్ల 4090తో సమానమని ప్రకటించిరి. లెక్కించి గీసిన ప్రతి బొమ్మకును మూడు ఊహాచిత్రముల వఱకు చేర్చు ఉపాయముతో చెప్పిన సమానత యది. ఆ యుపాయము తీసివేసి పరీక్షించినవారికి 5070 చాల వెనుకబడి కనబడినది. రాని కార్డునుగూర్చి వదంతులవారి మాట యెంతో, వచ్చిన కార్డునుగూర్చి అమ్మువారి మాట యంతే. కొన్నవారు స్వయముగ పరీక్షించి చెప్పువఱకు నాగుట వివేకము. అది వారములతో ముగియు నిరీక్షణ; దానిని మేము నిందింపము.

మొన్న మా మేనకోడలి తమ్ముడు, "కొత్త కార్డులొస్తాయంటున్నారు, ఆగమంటారా మామయ్యా?" అని యడిగినాడు. "దానితో ఏం చెయ్యాలి? ఎప్పటికి చెయ్యాలి?" అని యడిగితిమి. ఆటలాడుటకేననియు తొందర లేదనియు చెప్పినాడు. "అయితే ఆగు" అంటిమి. నిరీక్షణలో నొక యానందమున్నది. వాని కాలము వానిది, ఆ యానందమును వాడనుభవించుటలో దోషము లేదు. దోషము వేఱొకరి కాలమును తన ఖాతాలో వ్రాసికొని ఆగుటలో నున్నది. చేయవలసిన పని బల్లమీద నుండగా ముందు ఉన్నదానితో నెన్నాళ్లు పట్టునో గుణించి చూడవలెను. ఆ తరువాతనే అంగడి మాట.

సినిమా చూపిన నాటి సంగతి చెప్పి ముగించెదము. 72 రాత్రులు పాత కంప్యూటరు రొదచేసి 2023 సంక్రాంతికి పని ముగించినది. భోగినాటి రాత్రి అందరము కూర్చుంటిమి. మా యమ్మ కుర్చీ తెరకు దగ్గరగా వేసితిమి. ఎందులకో మాకే తెలియదు. ఆమె తన కంఠమును తానే వినుచు ఆరు నిమిషములు కదలక కూర్చుండినది. తెరపై నల్లని నీటిలో లాంతరు వెలుగు ముక్కలై తేలుచుండెను. ముగిసిన పిదప, "ఆవుకి ఏ రంగు వేశావే?" అనినది.

"ఎర్రావు అమ్మమ్మా. నుదుటి మధ్యని తెల్లచుక్క."

"మధ్యని కాదే. కొంచెం కుడికన్ను వైపుకి ఉండేది."

ఎవరును మాటలాడలేదు. మా మేనకోడలు లేచి, ఆవు ముఖము కనబడు బొమ్మలను లెక్కించినది. 1,200 తేలినవి. నూఱు గంటలు; పది రాత్రులు. ఆ రాత్రియే కంప్యూటరును మరల నడపినది. పండుగ వెళ్లిన వారమునకు చుక్క కుడికన్ను వైపునకు జరిగినది. అది సరియైన చోట పడినదో లేదో చూచి చెప్పగలవారు ఇప్పుడు మా యింట నెవరును లేరు.